చిన్న వెబ్‌సైటుకు గూగుల్ అనలిటిక్స్ 4 ఎంతవరకు పనికొస్తుంది? వరంగల్ నుంచి ఒక సమీక్ష

హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో సొంత వెబ్‌సైటు పెట్టుకున్న లాడ్జీలు, కోచింగ్ సెంటర్లు, కొత్తవాడ దర్రీల దుకాణాలు, స్థానిక వార్తలు రాసేవారు ఇప్పుడు తక్కువేమీ లేరు. అటువంటి చిన్న సైట్లను తయారుచేసి, వాటి బాగోగులు చూసుకునే పనిలో ఉన్నవాడిగా యజమానుల నుంచి నేను తరచూ వినే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఎంతమంది చూస్తున్రు సార్, ఏ ఊరోళ్లు చూస్తున్రు?" దానికి జవాబు కోసం ఎక్కువమంది ఆశ్రయించేది, సైటుకు వచ్చినవారి లెక్కలను పట్టికలుగా చూపించే గూగుల్ అనలిటిక్స్ 4నే, ఎందుకంటే అది ఉచితం, అమర్చుకోవడం సులభం, పేరు అందరికీ తెలిసినదే. ఈ సమీక్షలో దాని బటన్లనూ రంగులనూ గురించి రాయబోవడం లేదు. మన ప్రాంతంలో జనం ఫోన్లనూ కంప్యూటర్లనూ వాడే తీరు ఎట్లా మారుతున్నదో ఆ పట్టికలను చూసి ఎంతవరకు తెలుసుకోవచ్చునన్నదే నా పరిశీలన. పరికరాల్లో నెమ్మదిగా వచ్చే పెద్ద మార్పులను అది బాగా పట్టుకుంటుంది. అయితే పట్టికలో అంకె మారినప్పుడల్లా జనం మారారని అనుకుంటే పొరపడతాము, ఎందుకంటే చాలాసార్లు మారేది కొలిచే పద్ధతి.

మొదట మెచ్చుకోవలసిన విషయం. పేజీలో చిన్న జావాస్క్రిప్టు కోడు ముక్క చేర్చగానే సందర్శకుల బ్రౌజరు, ఆపరేటింగ్ సిస్టమ్, పరికరం రకం, తెర కొలత పట్టికలుగా వచ్చేస్తాయి. వీటిలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, యజమానులు ఎన్నడూ తెరిచి చూడనిది, తెర కొలతల పట్టిక. ఒకప్పటి ల్యాప్‌టాపుల 1366×768 తెరను మనసులో పెట్టుకొని గీసిన ధరల పట్టిక, బ్రౌజరు లెక్కలో 360 పిక్సెళ్ల వెడల్పు మాత్రమే ఉండే ఆండ్రాయిడ్ ఫోనులో కుడివైపు తెగిపోతుంది. దర్రీ పేరు కనిపిస్తుంది, కొలత కనిపిస్తుంది, ధర మాత్రం తెర అవతల ఉండిపోతుంది. వచ్చేవారిలో అత్యధికులు 360 నుంచి 412 పిక్సెళ్ల వెడల్పు తెరల మీద చూస్తున్నారని పట్టికలో చూపించిన తరువాత, "ఆఫీసు కంప్యూటరులో బాగానే కనిపిస్తున్నది కదా" అన్న వాదన ముందుకు సాగదు. ఈ ఒక్క పని కోసమైనా దీనిని అమర్చుకోవచ్చును.

ఈ మార్పు మన దగ్గర ప్రపంచం కంటే ముందే వచ్చింది. ఐర్లండుకు చెందిన స్టాట్‌కౌంటర్ సంస్థ లక్షలాది సైట్లలో తన కోడు ద్వారా నమోదయ్యే పేజీ వీక్షణలను కలిపి దేశాల వారీగా ప్రకటిస్తుంది. ఆ లెక్కల్లో భారతదేశంలో మొబైల్ వాడకం డెస్క్‌టాప్‌ను దాటింది 2012లో. ప్రపంచం మొత్తం మీద మొబైలు, టాబ్లెట్ కలిసి 51.3 శాతంతో డెస్క్‌టాప్‌ను వెనక్కి నెట్టింది 2016 అక్టోబరులో. మరుసటి ఏడు మార్చిలో ఆండ్రాయిడ్ 37.93 శాతం, విండోస్ 37.91 శాతం నమోదై, ఇంటర్నెట్ వాడకంలో విండోస్ తొలిసారి రెండో స్థానానికి దిగింది. మన దేశం నాలుగేళ్లు ముందుండడానికి కారణం సంపద కాదు. ఇంట్లో కంప్యూటరు అడుగుపెట్టక ముందే చేతిలోకి ఫోను రావడం. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యేనాటికే ఫోనుదే పైచేయి, ఆ తరువాత డేటా చవక కావడంతో అదే ఫోనులో ఫొటోలు, వీడియోలు నిస్సంకోచంగా తెరవడం మొదలైంది. డేటా ఖరీదుగా ఉన్న కాలంలో పేజీలను కుదించి అందించిన ఒపెరా మినీ, యూసీ బ్రౌజర్‌లకు ఇక్కడ పెద్ద ఆదరణ ఉండేది. డేటా చవకయ్యేసరికి వాటి అవసరమే తగ్గింది, 2020 జూన్ 29న నిషేధించిన 59 చైనా యాప్‌లలో యూసీ బ్రౌజర్ కూడా చేరడంతో పట్టికల్లో దాని కథ ముగిసిపోయింది. 2017లో వచ్చిన జియోఫోన్ వల్ల కైఓఎస్ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పేరు కొన్నేళ్లపాటు పట్టికల్లో మెరిసి, స్మార్ట్‌ఫోన్లు చవకయ్యేకొద్దీ మరుగున పడింది.

ఇంత ఆసక్తికరమైన దశాబ్దాన్ని మీ సొంత సైటు లెక్కల్లో చూడాలనుకుంటే గూగుల్ అనలిటిక్స్ 4 ఏమీ చూపించజాలదు. దాని మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. దీనికి ముందు గూగుల్ నడిపిన యూనివర్సల్ అనలిటిక్స్ ఉచిత ఖాతాల్లో 2023 జూలై 1 నుంచి కొత్త లెక్కలు నమోదు కావడం ఆగిపోయింది. 2024 జూలైలో పాత నివేదికలను చూసే వీలు కూడా పోయింది. ఆ సమాచారాన్ని కొత్త వ్యవస్థలోకి చేరవేసే మార్గాన్ని సంస్థ ఇవ్వలేదు. గడువు లోపల ఫైళ్లుగా దింపుకున్నవారికి తప్ప, 2005 నవంబరులో మొదలైన సేవ తాలూకు పాత చరిత్ర ఎవరికీ మిగలలేదు. జియో రాకముందు మీ సైటుకు డెస్క్‌టాప్ నుంచి ఎందరు వచ్చేవారు, వచ్చాక ఎందరయ్యారు అన్న ప్రశ్నకు ఇప్పుడు ఆ ఖాతాలో జవాబు లేదు. ఉచితంగా ఇచ్చినదానిని ఎప్పుడైనా ఆపే హక్కు సంస్థకు ఉన్నదని అనవచ్చును, నేను కాదనను. కానీ లెక్కల పుస్తకానికి ఉండే విలువంతా పాత పేజీల్లోనే ఉంటుంది.

దింపుకున్నా రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం ప్రమాదమే. పాత పద్ధతిలో ఒక్క పేజీ చూసి వెళ్లిపోయినవారంతా బౌన్స్ కింద లెక్క. కొత్త పద్ధతిలో సందర్శన 10 సెకండ్లు దాటినా, రెండు పేజీలు చూసినా, ముఖ్యమైనదిగా గుర్తించిన ఏదైనా పని జరిగినా దానిని ఆసక్తితో చేసిన సందర్శనగా లెక్కగట్టి, మిగిలినదానినే బౌన్స్ అంటారు. అందువల్ల 2023కు ముందు 70 శాతం ఉన్న బౌన్స్ రేటు ఆ తరువాత 40కి దిగితే, సైటు బాగుపడిందని సంబరపడడానికి ఏమీ లేదు, కొలమానం వేరు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు మేడారం జాతరతో ఉన్నది. సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది కనుక, ములుగు దారిలోని లాడ్జీకి గానీ, జాతర బస్సుల వివరాలు పెట్టే సైటుకు గానీ, రామప్ప గుడిని చూపించే పర్యాటక పేజీకి గానీ "గత ఏడాదితో పోల్చితే" అన్న అనలిటిక్స్ పోలిక అర్థం లేనిది. 2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగిన జాతరను పోల్చవలసింది 2024 ఫిబ్రవరి 21–24 తేదీలతో. మామూలు నివేదికల్లో తేదీలు మనమే ఇచ్చుకొని ఈ పోలిక చేయవచ్చును. కానీ లోతుగా తవ్వే "ఎక్స్‌ప్లోర్" విభాగంలో ఉచిత ఖాతాకు సందర్శకుల స్థాయి సమాచారం గరిష్ఠంగా 14 నెలలే నిలుస్తుంది. పైగా మొదట ఉండే అమరిక 2 నెలలే, దానిని 14కు మార్చుకోవలసినది మనమే. జాతరకు జాతరకు మధ్య దూరం 24 నెలలు. ఫోనులో చూసినవారు ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్లారు, ఎక్కడ ఆగిపోయారు వంటి ప్రశ్నలకు ఒక జాతరను మరొక జాతరతో పోల్చే అవకాశమే లేదన్నమాట. ఇక 2022 ఫిబ్రవరి జాతర లెక్కలు అప్పట్లో పాత వ్యవస్థను మాత్రమే వాడినవారికి దానితోపాటే పోయాయి.

ఇక "ఎంతమంది" అన్న మాట దగ్గరికి వద్దాము. గూగుల్ అనలిటిక్స్ యూజర్ అని పిలిచేది మనిషిని కాదు, ఒక బ్రౌజరులో దాచిన కుకీని, అంటే సైటు గుర్తుగా పెట్టుకునే చిన్న ఫైలును. నర్సంపేట దగ్గరి పల్లెలో ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడితే ఆ నలుగురూ ఒక్కరే. హనుమకొండలో ఫోనూ ల్యాప్‌టాపూ ఉన్న ఒక ఉద్యోగి ఇద్దరు. అదే ఉద్యోగి ఫేస్‌బుక్‌లో కనిపించిన లింకును ఆ యాప్ లోపలి బ్రౌజరులోనే తెరిచి, సాయంత్రం క్రోమ్‌లో మళ్లీ చూస్తే ముగ్గురు. ఐఫోను సఫారీలో జావాస్క్రిప్టు పెట్టిన కుకీలకు 7 రోజులే ఆయుష్షు, కనుక పది రోజులకోసారి వచ్చే పాత ఖాతాదారు ప్రతిసారీ కొత్తవాడే. మరోవైపు ప్రకటనలను అడ్డుకునే బ్రౌజరు పొడిగింపులూ (ఎక్స్‌టెన్షన్లూ), బ్రేవ్ వంటి బ్రౌజర్లూ అనలిటిక్స్ కోడును పనిచేయనివ్వవు. ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం నడిపే సైటులో ఈ లోటు ఎక్కువ, ఎందుకంటే అటువంటి పొడిగింపులు పెట్టుకునేది వాళ్లే, అదీ ల్యాప్‌టాపుల్లో. డెస్క్‌టాప్ వాటా తగ్గినట్లు పట్టిక చూపినప్పుడు అందులో కొంత భాగం కనిపించకుండా దాక్కున్నవారిది కావచ్చునని గుర్తుంచుకోవాలి.

"ఏ ఊరోళ్లు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఇంకా బలహీనం. ఊరిని నిర్ణయించేది ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌కు కలిసినప్పుడు పరికరానికి దక్కే సంఖ్య. మొబైల్ కంపెనీల చిరునామాలు వేలమందికి ఉమ్మడిగా ఉండి, నెట్‌వర్కు కేంద్రం ఉన్న మహానగరం పేరుతోనే తరచుగా నమోదవుతాయి. పరకాలలో కూర్చొని చూసినవారు హైదరాబాదు వరుసలో చేరడం వింతేమీ కాదు. అమెరికా వరుస మరింత తమాషాగా ఉంటుంది. వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి ఒక్కసారిగా సందర్శనలు పెరిగితే అక్కడి మన తెలుగువాళ్లు దర్రీల మీద మనసు పడ్డారని యజమానులు మురిసిపోతారు. ఆష్‌బర్న్ ప్రపంచంలోకెల్లా పెద్ద డేటా సెంటర్ల (సర్వర్లు ఉంచే భవనాల) గూడు, వచ్చినవి చాలావరకు యంత్రాలై ఉంటాయి. గూగుల్ తనకు తెలిసిన బాట్‌లను, అంటే ఇటువంటి యంత్రాలను, లెక్కలోంచి తీసేస్తుంది గానీ, మామూలు బ్రౌజరులా నటించేవి కొన్ని జల్లెడ దాటుతూనే ఉంటాయి.

భాషల పట్టిక మరీ తప్పుదారి పట్టిస్తుంది. పూర్తిగా తెలుగులో ఉన్న సైటుకు కూడా సందర్శకుల భాష ఇంగ్లీషని వస్తుంది, ఎందుకంటే అది చదివేది ఫోను అమరికలోని భాషను. మనలో ఎక్కువమంది ఫోనును ఇంగ్లీషులో ఉంచుకొనే తెలుగు చదువుతాము. ఈ పట్టికను చూపించి "తెలుగు పేజీ ఎందుకు సార్" అన్నవారికి నేను గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి చూపిస్తాను. జనం ఏ మాటలతో వెతికారో అందులో 16 నెలల వరకు ఉంటుంది. తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులోనూ వచ్చిన వెతుకులాటలు అక్కడ విడివిడిగా కనిపిస్తాయి. ఇదీ ఉచితమే, చిన్న వ్యాపారానికి అనలిటిక్స్ కంటే దీని అక్కరే ఎక్కువ.

వాట్సాప్ సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. ఇక్కడ లింకులు చేతులు మారేది ముఖ్యంగా వాట్సాప్‌లోనే. అక్కడ నొక్కి వచ్చినవారు ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజరు చెప్పదు కనుక, అడ్రసు నేరుగా టైపు చేసినవారితో కలిపి అనలిటిక్స్ వారిని "డైరెక్ట్" అనే గుట్టలో వేసేస్తుంది. ఆ వాటా ఏటా పెరుగుతుంటే సైటు పేరు జనానికి నోటికి వచ్చేసిందని అనుకోవడం వట్టి భ్రమ. మందు సులభమే: వాట్సాప్‌లో పంపే లింకు చివర యూటీఎం గుర్తును (లింకును ఎక్కడ పంచామో తెలిపే చిన్న అక్షరాల తోకను) చేర్చి, ఎప్పుడూ ఆ లింకునే పంపాలి.

ఇప్పుడు అసలు చిక్కు. పరికరాన్ని గుర్తించడానికి వెబ్‌సైట్లు ఎంతోకాలంగా ఆధారపడినది బ్రౌజరు ప్రతి అభ్యర్థనతోపాటు పంపే యూజర్ ఏజెంట్ అనే వాక్యం మీద. వ్యక్తుల ఆనవాలు పట్టడానికి అది దుర్వినియోగం అవుతున్నదని గూగుల్ దానిని కుదించింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి క్రమంగా ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ, అవి ఏ కంపెనీవైనా, ఏ వెర్షన్‌వైనా, తమను తాము "ఆండ్రాయిడ్ 10, కే" అనే చెప్పుకుంటాయి ('కే' అన్నది మోడలు పేరుకు బదులుగా పెట్టిన అక్షరం). విండోస్ 11 ఉన్న కంప్యూటరు కూడా ఆ వాక్యంలో విండోస్ 10గానే కనిపిస్తుంది. సర్వర్ లాగులను (సైటుకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ సర్వరు రాసిపెట్టుకునే చిట్టాలను) చదివే పాతకాలపు సాఫ్ట్‌వేర్లను నమ్మితే, మన ఊరివాళ్లు ఉన్నట్టుండి కొత్త ఫోన్లు కొనడం మానేసి 2019 నాటి ఆండ్రాయిడ్ దగ్గర ఆగిపోయారని తేలుతుంది. గూగుల్ అనలిటిక్స్ 4 క్లయింట్ హింట్స్ అనే వేరే దారిలో నిజమైన వెర్షనును, ఫోను మోడలును అడిగి తెలుసుకుంటుంది కనుక ఈ విషయంలో దానిదే పైచేయి. తాళం వేసినవాడి దగ్గరే తాళపుచెవి కూడా ఉన్నదని ఎవరైనా ఎత్తిపొడిస్తే నా దగ్గర జవాబు లేదు.

ఇటువంటిదే మరొకటి లైనక్స్ వరుస. కోచింగ్ సెంటర్ల సైట్లలో, దరఖాస్తుల వివరాలు పెట్టే సైట్లలో లైనక్స్ డెస్క్‌టాపులు ఉండవలసినదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఫారం ఫోనులో సరిగా తెరుచుకోనప్పుడు పిల్లలు క్రోమ్ మెనూలో "డెస్క్‌టాప్ సైట్" అన్న పెట్టెలో టిక్కు పెడతారు. ఆ క్షణం నుంచి ఆండ్రాయిడ్ క్రోమ్ తనను లైనక్స్ కంప్యూటరుగా పరిచయం చేసుకుంటుంది. ఆ వరుసను నేను లైనక్స్ ప్రచారానికి గుర్తుగా చూడను, ఎవరి ఫారమో ఫోనులో పనిచేయడం లేదనడానికి ఫిర్యాదుగా చదువుతాను.

ప్రస్తుతం జరుగుతున్న అతి పెద్ద మార్పు మాత్రం ఈ సేవకు దాదాపుగా కనిపించదు. మనిషి సైటుకు రావడానికి బదులు యంత్రం వచ్చి చదువుకొని వెళ్లి, మనిషికి సారాంశం చెప్పడం మొదలైంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ, పేజీలను చదివే తన యంత్రం జీపీటీబాట్‌ను 2023 ఆగస్టులో ప్రకటించింది. గూగుల్ వెతుకులాట ఫలితాల పైన ఏఐ సారాంశాలు భారతదేశంలో 2024 ఆగస్టులో వచ్చాయి. వేయిస్తంభాల గుడి ఎప్పుడు తెరుస్తారని అడిగినవారికి అక్కడికక్కడే జవాబు దొరికితే ఆ సమాచారాన్ని ఓపికగా రాసిపెట్టిన పేజీని తెరవవలసిన పని వారికి లేదు. అనలిటిక్స్‌లో ఇది సందర్శకుల తగ్గుదలగా మాత్రమే కనిపిస్తుంది, కారణం కనిపించదు. సెర్చ్ కన్సోల్‌లో అదే కాలానికి ఫలితాల్లో కనిపించిన సంఖ్య నిలకడగా ఉండి, నొక్కినవారి సంఖ్య మాత్రం పడిపోతే విషయం అర్థమవుతుంది. చాట్‌జీపీటీ ఇచ్చిన లింకు నొక్కి వచ్చిన కొద్దిమందిని ఆ లింకులో ఉండే యూటీఎం గుర్తు వల్ల పట్టుకోవచ్చును. కానీ చదివి వెళ్లిన జీపీటీబాట్ వంటి యంత్రాలు జావాస్క్రిప్టును నడపవు, అందువల్ల జావాస్క్రిప్టు మీదనే ఆధారపడిన గూగుల్ అనలిటిక్స్‌కు అవి వచ్చిన ఆనవాలే ఉండదు. అవి కనిపించేది సర్వర్ లాగులో. పైన నేను పాతకాలపువని అన్న ఏడబ్ల్యూస్టాట్స్ వంటివే ఇక్కడ అక్కరకొస్తాయి; సీప్యానెల్ (సైటు సర్వరును నడుపుకునే నియంత్రణ పేజీ) ఉన్న చాలా హోస్టింగు ఖాతాల్లో అది అదనపు ఖర్చు లేకుండానే ఉంటుంది.

వ్యాపారికి కావలసిన ఒక లెక్క తొలి అమరికలో రాదు. పీడీఎఫ్ దింపుకోవడం, పేజీ చివరిదాకా జరపడం, బయటి సైటుకు వెళ్లడం వంటివి గూగుల్ అనలిటిక్స్ 4 తనంతట తానే నమోదు చేస్తుంది గానీ, ఫోన్ నంబరు మీద నొక్కి కాల్ చేయడాన్ని నమోదు చేయదు. లాడ్జీకైనా దర్రీల దుకాణానికైనా పేజీ ఉన్నదే ఆ కాల్ కోసం. గూగుల్‌దే అయిన ట్యాగ్ మేనేజర్ అనే సాధనంలో ఆ నొక్కుడును విడిగా ఈవెంటుగా (లెక్కించవలసిన పనిగా) అమర్చుకోవాలి.

ప్రత్యామ్నాయాల్లో మటోమోను సొంత సర్వరులో ఉచితంగా పెట్టుకోవచ్చును, చరిత్ర మన చేతిలోనే ఉంటుంది, సందర్శకుల సమాచారం బయటి సంస్థకు పోదు. అయితే దానిని ఎప్పటికప్పుడు నవీకరించే మనిషి కావాలి, చిన్న దుకాణానికి ఆ మనిషి దొరకడు. ప్లాసిబుల్ తేలికగా, శుభ్రంగా ఉంటుంది. వాళ్ల సర్వరులో వాడితే నెలనెలా డబ్బు కట్టాలి.

5కు 3 ఇస్తాను. నెమ్మదిగా జరిగే పరికరాల మార్పును చూపించడానికి, తెర కొలతను బట్టి పేజీని దిద్దుకోవడానికి గూగుల్ అనలిటిక్స్ 4 మంచిదే. మనుషులను లెక్కించడానికి, ఊళ్లను గుర్తించడానికి, ఏళ్ల తరబడి చరిత్రను దాచుకోవడానికి దానిని నమ్ముకోలేము. వాట్సాప్ గ్రూపులోనే అమ్మకాలన్నీ సాగిపోయే దుకాణానికి అసలు దీని అవసరమే లేదు.

పెట్టుకోదలచినవారు మొదటి రోజే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. డేటా నిల్వ కాలాన్ని 2 నెలల నుంచి 14 నెలలకు మార్చాలి. సెర్చ్ కన్సోల్‌ను జతచేయాలి. ఏటా జనవరిలో పరికరాల, బ్రౌజర్ల, తెర కొలతల నివేదికలను ఫైళ్లుగా దింపి తమ దగ్గర పెట్టుకోవాలి. మేడారం ఏడాదిలో జాతర ముగిసిన వెంటనే మరొకసారి దింపుకోవాలి. సీప్యానెల్‌లో ముడి లాగుల (Raw Access) పేజీకి వెళ్తే రెండు పెట్టెలు కనిపిస్తాయి: మొదటిది లాగులను ఖాతాలోనే భద్రపరచమని చెప్పేది, దానిలో టిక్కు పెట్టాలి, రెండవది గత నెలవాటిని తుడిచేయమని చెప్పేది, దానిలో టిక్కు ఉంటే తీసేయాలి.